పచ్చ చేప ఎప్పుడూ ఫ్రెండే

మా ఎడారి ఊరు కాసా గ్రాండేలో జూన్ నెల వచ్చిందంటే పిల్లల్ని ఇంటి బయట నిలబెట్టడం కష్టం, లోపల కూర్చోబెట్టడం అంతకన్నా కష్టం. మా ఆయన డ్వేన్ ఏసీలు బాగుచేస్తాడు. ఊళ్లో అందరి ఏసీలూ జూన్, జూలై నెలల్లోనే చెడిపోతాయి కనుక వేసవిలో ఆయన ముఖం నాకు కనిపిస్తే గొప్ప. ఇక ఇంట్లో మిగిలేది నేను, పదకొండేళ్ల టెస్సా, ఎనిమిదేళ్ల ఆర్లో, పెరట్లో స్విమ్మింగ్ పూల్.

రోజూ పది గంటలకు మా అత్తగారు వెర్నా కూడా వచ్చేది. మోకాళ్లకు నీళ్లలో నడక మంచిదని డాక్టరు చెప్పాడట. రెండు వీధుల అవతలి నుంచి పెద్ద గడ్డి టోపీ పెట్టుకుని వచ్చి, చంకల కింద పొడవాటి స్పాంజి గొట్టం ఇరికించుకుని, మా పూల్‌లో గంటసేపు తేలేది. నడవగా నేను ఒక్కరోజూ చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఒకటో తరగతి చెప్పి రిటైరైన మనిషి. ఆ సంగతి ఎవరినీ మరిచిపోనిచ్చేది కాదు.

పిల్లల్ని బడి మాన్పించింది నేనే. మార్చిలో ఆర్లో టీచరు నన్ను పిలిచి, "వీడు ఇంకో ఏడాది రెండో క్లాసులోనే ఉంటే మంచిదండీ" అంది. నేను ఒంటికాలి మీద లేచాను. మీకు చెప్పడం రాకపోతే నా కొడుకును మొద్దంటారా అని అరిచి, ఆ వారమే ఇద్దరినీ ఇంటికి తెచ్చేసుకున్నాను. టెస్సా ఏం పాపం చేసిందని ఎవరైనా అడిగితే మాట మార్చేదాన్ని. వెర్నా మాత్రం "నీ ఇష్టం, కోరిన్" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

వెనకబడ్డవాడికి సెలవులేమిటని వేసవిలోనూ పాఠాలు పెట్టాను. వంటింటి బల్ల దగ్గర ఆర్లో పుస్తకం తెరవగానే కడుపునొప్పి అనేవాడు. టెస్సా బల్ల మీద తల వాల్చేసేది.

"ఊళ్లో పిల్లలందరికీ సెలవులు. మాకు మాత్రం జైలా?"

"జైల్లో పూల్ ఉంటుందా?" అన్నాను నేను. ఆ మాట నా నోట్లోంచి రాగానే ఆలోచన తట్టింది.

ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్లి నీళ్లలో మునిగే బొమ్మలు ఇరవై నాలుగు కొన్నాను. చేపలు, కప్పలు, చక్రాలు, కర్రలు, ఏ రెండూ ఒక్కలా ఉండవు. చెరగని సిరా అని రాసి ఉన్న పెన్నుతో ఒక్కోదాని మీద ఒక్కో మాట రాశాను. అన్నీ ఆర్లోను ఏడిపించే మాటలే. రాసేదొకటి, పలికేదొకటి. ఫ్రెండ్, లాఫ్, బికాజ్, ఐలాండ్. మర్నాడు గట్టు మీద కూర్చుని ఒక్కోటి చూపించి, "ఇదిగో, పచ్చ చేప మీద ఫ్రెండ్. ఇదిగో, ఎర్ర కప్ప మీద లాఫ్" అని చదివి, అన్నీ నీళ్లలో పడేశాను. నేను మాట చెబుతాను, వాళ్లు మునిగి తీసుకురావాలి. అదీ ఆట.

వినడానికి ఎంత బాగుందో! మొదటి రోజు అసలు పాఠం ఏడు నిమిషాలు జరిగింది. మిగతా గంటా ఆర్లో కళ్లద్దాల పట్టీ బిగించడం, టెస్సా వీపుకు క్రీము రాయడం, బాత్రూమ్‌కు వెళ్లొచ్చినవాడి కాళ్ల తడి హాలంతా తుడవడం. రెండో రోజు ఎక్కాల పుస్తకం నీళ్లలో పడి ఉబ్బి రొట్టెలా అయింది. మూడో రోజు టెస్సా, తను పెద్దదాన్నని, ఈ పసిపిల్లల ఆట ఆడనని గాలి పరుపు మీద వెల్లకిలా పడుకుంది.

"ఏడెనిమిదులెంతే?" అని అరిచాను.

"చాలా" అంది.

వెర్నా టోపీ కింద నుంచి, "మా క్లాసులో పిల్లలు కుర్చీల్లో కూర్చునేవాళ్లమ్మా" అని తేలుతూ అటు వెళ్లిపోయింది.

కానీ ఆర్లో మారాడు. వారం తిరిగేసరికి ఏ మాట చెప్పినా చేపపిల్లలా దూకి, అదే బొమ్మతో పైకి వచ్చేవాడు. ఇరవై నాలుక్కి ఇరవై నాలుగు! కడుపునొప్పి లేదు, ఏడుపు లేదు. నాకు నేల మీద కాళ్లు ఆనలేదు. వీడియో తీసి ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఉన్న మా అక్కకు పంపాను. ఇంట్లో చదువు చెప్పుకునే తల్లుల గుంపు ఒకటి ఉంటే అందులోనూ పెట్టాను. నలభై మంది మెచ్చుకున్నారు. ఆ టీచరుకు కూడా పంపాలని వేలు మీట దాకా వెళ్లి ఆగింది. ఎందుకు ఆగిందో గాని, దేవుడు చల్లగా చూశాడు.

జూలై మధ్యలో దుమ్ము తుఫాను వచ్చింది. గోడంత ఎత్తున మట్టి లేచి ఊరి మీద పడింది. తెల్లారి చూస్తే పూల్ చాక్లెట్ పాలలా ఉంది. డ్వేన్ రెండు రోజులు చెత్త తీసి, మామూలుకు మూడింతలు క్లోరిన్ గుమ్మరించాడు. బొమ్మలు అడుగునే ఉండిపోయాయని ఎవరికీ గుర్తులేదు. నీళ్లు తేరుకున్నాక మళ్లీ పాఠం మొదలుపెట్టాను.

"ఫ్రెండ్!" అన్నాను.

ఆర్లో మునిగి పచ్చ చేపతో లేచాడు.

"శభాష్! లాఫ్!"

ఎర్ర కప్ప వచ్చింది. ఆ కప్ప తడి చేతిలో జారి నా ఒళ్లో పడింది. తీసి చూశాను. దాని మీద ఒక్క అక్షరం లేదు. చేపను తిప్పి చూశాను. అదీ బోడిగా ఉంది. క్లోరిన్ దెబ్బకు సిరా మొత్తం కొట్టుకుపోయింది.

"ఆర్లో, ఇది ఫ్రెండ్ అని నీకెలా తెలిసింది?"

వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్లు చూశాడు. "పచ్చ చేప ఎప్పుడూ ఫ్రెండే కదమ్మా!"

గాలి పరుపు మీద నుంచి టెస్సా పగలబడి నవ్వింది.

"నీకు తెలుసా?" అన్నాను.

"మొదటి వారం నుంచే."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అంత సంబరంగా ఉంటే ఎలా చెప్పను? వీడియోలు కూడా పెట్టేశావు."

నా తలలో ఏదో పుటుక్కున తెగింది. ఆరు వారాల ఎండ, క్రీము, తడి తువ్వాళ్లు, నలభై మంది మెప్పు, అన్నీ కలిసి గొంతులోకి వచ్చాయి. ఆ చేపను విసిరితే గోడ దాటి పక్కింటి పెరట్లో పడింది. "ఇన్నాళ్లూ నన్ను మోసం చేస్తున్నావా? ఒక్క ముక్క చదవకుండా నన్ను ఆడిస్తున్నావా?" అని పూల్ అదిరేలా అరిచాను. ఆర్లో ముక్కు మూసుకుని నీళ్లలోకి వెళ్లిపోయి మెట్ల అడుగున కూర్చున్నాడు.

"కోరిన్" అంది వెర్నా, గొంతు పెంచకుండా. "ముందు వాణ్ని పైకి తియ్యి. తర్వాత నన్ను తిడుదువుగాని."

నేను బట్టలతోనే దూకి వాణ్ని లేపాను. వాడి ఊపిరి బాగానే ఉంది. ఉక్రోషంతో నా చెయ్యి విదిలించుకున్నాడు.

"నేను మోసం చెయ్యలేదు" అన్నాడు. "నువ్వు తెమ్మన్నావు. తెచ్చాను. చదవమని ఎప్పుడన్నా అన్నావా?"

నిజమే. ఆరు వారాల్లో ఒక్కసారీ అడగలేదు. వాణ్ని ఒళ్లోకి లాక్కుని, "తప్పు నాదేరా, అరిచినందుకు క్షమించు" అన్నాను. "చేపను కూడా విసిరేశావు" అని గుర్తుచేశాడు. దానికీ క్షమాపణ చెప్పాను. ఇద్దరికీ పుల్ల ఐసులిచ్చి లోపలికి పంపి మెట్ల మీద కూలబడ్డాను. వెర్నా తేలుతూ దగ్గరికి వచ్చింది.

"ఇరవై నాలుగు బొమ్మలకు ఇరవై నాలుగు మాటలు. ఒక్కసారి వింటే చాలు, వాడికి గుర్తుండిపోయాయి. వాడు మొద్దు కాదు. వాడికి అక్షరాలు నిలబడవు. అటూ ఇటూ తిరిగిపోతాయి. ఇలాంటి పిల్లల్ని నేను ఆరుగురిని చూశాను."

"ఎప్పటి నుంచి తెలుసు మీకు?"

"అనుమానం మార్చి నుంచే."

"మార్చి నుంచా! రోజూ నా పూల్‌లో గంట తేలుతూ, ఇదంతా చూస్తూ, నోరు మూసుకుని కూర్చున్నారా?"

"చెబితే వినేదానివా? ముసలి టీచరమ్మ మొదలెట్టింది అనేదానివి."

అనేదాన్నే. అందుకే మరీ ఒళ్లు మండింది. ఏం జరిగినా ఈవిడ ముందే తెలుసుకుని కూర్చుంటుంది అని గొణుక్కున్నాను. ఆవిడ టోపీ తీసి మొహం తుడుచుకుంది. టోపీ లేకుండా చూస్తే చాలా చిన్నగా, ముసలిగా కనిపించింది.

"ఆ ఆరుగురిలో మొదటి ముగ్గురిని నేనూ మొద్దులనే అనుకున్నాను. ఒకడి పేరు లైల్. మూల కూర్చోబెట్టేదాన్ని. ఇప్పటికీ కిరాణా కొట్లో కనబడితే నేను చూడనట్లు వెళ్లిపోతాను" అంది. నేను తువ్వాలు అందించాను.

ఆగస్టులో ఆర్లోను ఫీనిక్స్‌లో పిల్లల చదువు ఇబ్బందులు పరీక్షించే ఒకావిడకు చూపించాం. ఆవిడ రెండు పూటలు ఏవేవో ఆడించి, చదివించి, వెర్నా చెప్పిందే పొడవాటి మాటల్లో చెప్పింది. అక్షరాన్ని కంటితో చూస్తే చాలదు, చేత్తో గీయాలి, నోటితో పలకాలి, రోజూ కొంచెమే, కానీ రోజూ, అంది. తిరుగు దారంతా కారులో నాకు ఆ మార్చి నెలే గుర్తొచ్చింది. ఆ టీచరు నన్ను పిలిచిన రోజే ఏమిటి, ఎందుకు అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. నేను అరవడంలో ఉండిపోయాను.

మళ్లీ పూల్ గట్టే బడి అయింది. ఆర్లో వేలు నీళ్లలో ముంచి సిమెంటు గట్టు మీద ఒక్కో అక్షరం పెద్దగా గీస్తూ బిగ్గరగా పలకాలి. ఇది వెర్నా ఆలోచన. మా ఎండకు తడి అరనిమిషం కూడా నిలవదు కనుక గబగబా చదవాలి. రోజుకు ఒక అక్షరం చాలంటాను నేను, మూడు కావాలంటుంది ఆవిడ. నీళ్లలో నిలబడి ఇద్దరం వాదులాడుకుంటుంటే టెస్సా మాకు మార్కులు వేసింది. నాకు నాలుగు, నానమ్మకు ఆరు. సరిగ్గా వాదించలేదని ఇద్దరికీ మార్కుల్లో కోత పెట్టింది. తనను తిరిగి బడిలో చేర్పించమంది, చేర్పించాను.

ఆర్లో సెప్టెంబరు చివరికి చిన్న చిన్న మాటలు చదవసాగాడు. బి, డి మాత్రం ఇంకా కొరకరాని కొయ్యలే. మొన్న ఒక మాట గీశాడు. నేను వంగి చూసేలోపు ఆరిపోయింది.

"బి రాశావా, డి రాశావా?" అన్నాను.

"ఆరిపోయిందిగా. నువ్వు చూడలేదుగా. అంటే కరెక్టే" అన్నాడు.

"మళ్లీ రాయి."

"ఎన్నిసార్లు?"

"వచ్చేదాకా."

వాడు అచ్చం వాళ్ల నానమ్మలా నిట్టూర్చి, వేలు నీళ్లలో ముంచాడు.