గేటుకు ఎదురుగా ఎనిమిది

అడుగున చిల్లులు పొడిచిన డబ్బాను నేలకు జానెడు ఎత్తున పట్టుకుని, సున్నప్పొడి రాలుస్తూ అతను వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ముందుకు నడిస్తే తను గీసిన గీతను తన కాళ్ళే తొక్కేస్తాయి. మైదానంలో ఇంకా ఎవరూ లేరు. ఆకాశం మబ్బుపట్టి ఉంది. ఒక సున్నా చుట్టి, దాని నడుం దగ్గర గీత తెగకుండా మలుపు తిప్పి, రెండో సున్నా చుట్టాడు. మేకుల్లేవు, కొలతాడు లేదు. చిన్నప్పుడు ఆటలో పుల్ల తగిలి ఎడమ కన్ను పోయింది కాబట్టి, ఉన్న ఒక్క కన్నూ రెండు కళ్ళ పని చేయడానికి ఎప్పుడో అలవాటు పడింది.

లైసెన్సు కోసం వచ్చేవాళ్ళు ఈ ఎనిమిది మీద కాలు కింద పెట్టకుండా మోటార్‌సైకిల్ నడిపి చూపించాలి. కాలు పడిందా, ఫెయిల్. రోజూ గీసేది ఇతనే కాబట్టి ఆఫీసులో అందరికీ ఇతను ఎనిమిది తాత. జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో ఎనిమిదన్న. అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

గీశాక ఒకసారి బండి నడిపి చూడాలంటాడు. మలుపు మరీ ఇరుగ్గా వచ్చిందో ఏమో తెలియాలి కదా అంటాడు. ఆ చేతికి ఆ పరీక్ష అక్కర్లేదని అందరికీ తెలుసు, అయినా ఎవరూ నోరెత్తరు. షెడ్డులోంచి ఆఫీసు బండి తీశాడు. సొంత బండి లేనివాళ్ళు పరీక్షకు వాడుకునే మోటార్‌సైకిల్ అది. ఎంతమంది మోకాళ్ళు ఒరుసుకున్నాయో, ట్యాంకుకు రెండు పక్కలా రంగు లేచిపోయింది. మొదటి తన్నుకు పలకలేదు. రెండో తన్నుకు ముసలివాడిలా దగ్గి, గొంతు సవరించుకుని, గుడగుడమంది.

ఆ వణుకు అరచేతుల్లోంచి మోచేతుల్లోకి, అక్కడినుంచి దవడల్లోకి ఎక్కగానే అతనికి నడుంనొప్పి గుర్తుండదు. మొదటి మలుపులో బండి వాలుతుంది, దాంతోపాటు ఒళ్ళూ వాలుతుంది. ఇంకాస్త వాలితే పడిపోతాం అనిపించే చోట పడకుండా తేలిపోవడంలో ఒక హాయి ఉంది. అది నడిపినవాడికే తెలుస్తుంది. ఎనిమిది నడుం దగ్గరకొచ్చేసరికి, ఈ పక్క నుంచి ఆ పక్కకు వాలే ముందు, అరక్షణం బండి నిటారుగా నిలబడుతుంది. ఆ అరక్షణం కోసమే అతను పొద్దున్నే లేస్తాడు. సరిగ్గా అక్కడ ఎదురుగా గేటు ఉంటుంది, గేటు అవతల రోడ్డు ఉంటుంది. హ్యాండిల్ తిప్పకుండా వదిలేస్తే చాలు, బండి తిన్నగా రోడ్డెక్కుతుంది. అలా కనబడేలాగే అతను ఎనిమిది గీస్తాడు. ఏనాడూ తిప్పకుండా వదల్లేదు.

ఎందుకంటే అతనికి లైసెన్సు లేదు. పెళ్ళైన కొత్తలో దరఖాస్తు పెట్టుకుని ఇదే మైదానానికి వచ్చాడు. కంటి పరీక్ష దగ్గరే ఆపేశారు, బండి దాకా పోనివ్వలేదు. గేటు పక్కన కూలబడి ఉన్న మనిషిని చూసి అప్పటి అధికారికి జాలేసింది. "మైదానం ఊడ్చి గీత గీసే మనిషి కావాలి, చేస్తావా?" అన్నాడు. చేస్తానన్నాడు. దరఖాస్తు పెట్టిన వారంలోనే ఆశపడి కొన్న హెల్మెట్ ఒకటి అప్పటినుంచీ షెడ్డులో మేకుకు వేలాడుతోంది. ఎవరైనా ఇవ్వమని అడిగితే, "అది మీకు పట్టదు" అని మాట దాటేస్తాడు. నిజానికి అది అతనికీ పట్టదు.

భార్య అతని ఉద్యోగాన్ని గానుగెద్దు ఉద్యోగం అంటుంది. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరిగిన చోటే తిరిగి, మళ్ళీ ఇంటికే వస్తావు. ఊళ్ళోవాళ్ళందరినీ రోడ్డెక్కించావు గానీ, నన్నెప్పుడయ్యా బండెక్కిస్తావు?" అని కొన్నాళ్ళు నవ్వుతూ అడిగింది, కొన్నాళ్ళు అలిగి అడిగింది. లైసెన్సు లేకుండా రోడ్డెక్కితే, అలా ఎక్కొద్దని తను రోజూ అందరికీ చెప్పే మాటకు విలువేముంటుంది? బయటివాళ్ళను మైదానంలో తిప్పితే ఆఫీసువాళ్ళు ఊరుకుంటారా? చూద్దాంలే అనేవాడు. ఆవిడ మోకాళ్ళు అరిగాక అడగడం మానేసింది. అడిగినప్పటికంటే అడగనప్పుడే అతనికి ఎక్కువ బాధగా ఉండేది.

ఇవాళ ఆ బండికి ఆఖరి రోజు. రేపటినుంచి మైదానాన్ని తవ్వి సిమెంటు పోస్తారు. గీతలు రంగుతో శాశ్వతంగా వేస్తారు, కాలు పడిందో లేదో కెమెరాలు చూసుకుంటాయి. బండి పాత ఇనుము వ్యాపారికి పోతుంది. సాయంత్రం అతని వ్యాను వస్తుంది. ఎనిమిది తాతను ఇంట్లో కూర్చోమన్నారు.

పరీక్షలు మామూలుగానే జరిగాయి. బేకరీ నడిపే ఒకాయన భారీ శరీరంతో సొంత బండెక్కి, మొదటి మలుపులోనే సున్నం మీద కాలేసి, "నేల ఎత్తుపల్లాలుగా ఉందండీ" అన్నాడు.

"నేలేం పైకి లేవలేదు సార్, మీ కాలే కిందికొచ్చింది" అన్నాడు తాత. "ఏం పర్లేదు. నెల తర్వాత రండి."

ఫెయిలైన ప్రతివాడికీ అతను చెప్పే మాట అదే. తర్వాత ఆఫీసు బండి మీద ఒక నర్సు వచ్చింది. చూపంతా ముందు చక్రం మీదే ఉంది. "చక్రాన్ని చూడకమ్మా, వెళ్ళే చోటు చూడు" అని మెల్లగా అన్నాడు. ఆ అమ్మాయి ఎనిమిది పూర్తిచేసి ఏడ్చేసింది. ఆ బండి మీద పాసైన ఆఖరి మనిషి ఆమె.

సాయంత్రం జనం పలచబడ్డాక భార్య వచ్చింది. మధ్యాహ్నం అతను తినకుండా వదిలేసిన క్యారేజీ కోసం వచ్చానంది. కళ్ళు మాత్రం బండి మీదే ఉన్నాయి. పరీక్షలు చేసే ఇన్‌స్పెక్టరమ్మ వయసులో చిన్నదే అయినా విషయం పసిగట్టింది.

"పెద్దాయనా, వ్యాను ఇంకాస్త ఆలస్యమవుతుందట. నేను లోపల ఫైళ్ళు చూసుకుంటుంటాను. గేటుకి తాళం వెయ్యలేదు" అని, అతని మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

భార్య బండెక్కడానికి చాలాసేపు పట్టింది. మోకాలు మడత పడదు. చివరికి ఆఫీసు అరుగు పక్కన బండి ఆపి, వెనక సీటు మీద ఒకవైపుకు తిప్పి కూర్చోబెట్టాడు. ఆవిడ ఒక చెయ్యి అతని భుజం మీద వేసింది. ఆ చెయ్యి ఎంత తేలికైపోయిందో అతనికి అప్పుడు తెలిసింది.

"పడేస్తావా?"

"ఇన్నేళ్ళలో ఒక్కరోజూ పడలేదు."

"ఇన్నేళ్ళలో వెనకాల నేను లేనుగా."

మొదటి మలుపులో ఆవిడ అమ్మో అంది. రెండోసారి అనలేదు. మూడో చుట్టుకు అతనితోపాటే వాలడం నేర్చుకుంది. చెవి దగ్గర నవ్వు వినిపించింది, కొత్త కోడలిగా వచ్చినప్పటి నవ్వు. "ఇదా నువ్వు రోజూ చేసేది! జీతం కూడా ఇచ్చేవాళ్ళా దీనికి?" అంది. అతను ఇంకో చుట్టు తిప్పాడు.

ఎనిమిది నడుం దగ్గర బండి నిటారుగా నిలబడింది. ఎదురుగా గేటు బార్లా తెరిచి ఉంది. రోడ్డు మీద దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. చేతులు హ్యాండిల్ తిప్పలేదు. బండి గీత దాటి గేటు వైపు నాలుగు బారలు పోయింది. భుజం మీద చెయ్యి బిగిసింది. అది వద్దనా, పదమనా? అతను అడగలేదు. బ్రేకు నొక్కాడు. జీవితంలో మొదటిసారి, ఎనిమిది పూర్తికాకుండానే అతని కాలు కింద పడింది.

"ఏమైంది?"

"ఫెయిల్" అన్నాడు.

ఆవిడ కాసేపు గేటు వైపు చూసింది. "ఫెయిలైనవాళ్ళకి నువ్వేం చెప్తావు?"

"నెల తర్వాత రమ్మంటాను."

"అయితే వద్దాంలే" అంది.

బండి ఉండదని ఇద్దరికీ తెలుసు. వ్యాను వచ్చేదాకా ఇంజను ఆపకుండా అలాగే కూర్చున్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం, అన్నం తిని కుర్చీలో కునుకు తీసిన మనిషి లేవలేదు. కాఫీ పట్టుకొచ్చి, రెండుసార్లు పిలిచి, గ్లాసు కింద పెట్టి, ఆవిడ అతని ఎదురుగా కూర్చుండిపోయింది.

దినాలన్నీ అయ్యాక ఆఫీసు నుంచి కబురొచ్చింది, షెడ్డు పడగొడుతున్నారు, ఆయన సామాను తీసుకెళ్ళమని. ఆవిడ వెళ్ళేసరికి నెల కావస్తోంది. మైదానమంతా తడి సిమెంటు. ఎనిమిది ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయింది. ఇన్‌స్పెక్టరమ్మ ఒక పాత చొక్కా, చిల్లుల డబ్బా, ఒక హెల్మెట్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఈ హెల్మెట్ ఆయనది కాదేమోనమ్మా. చాలా చిన్నది, ఆయన తలకి పట్టదు."

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత రెండు చేతులతో ఎత్తి, మెల్లగా తల మీద పెట్టుకుంది. సరిగ్గా పట్టింది. ఏళ్ళ తరబడి సున్నప్పొడి పేరుకున్న దాని అద్దం మీద, కొన్నప్పటి పల్చని ప్లాస్టిక్ పొర ఇంకా ఊడదీయకుండా అలాగే ఉంది.