శుక్రవారం బోర్లించిన టబ్బులు

రామచంద్రపురం మొత్తానికి ఉప్పునీళ్ళు చేతులారా తయారుచేసుకునే ఇల్లు ఒక్కటే ఉంది. అది తన ఇల్లే అయి కూర్చుంది కృపారాణికి. చుట్టుపక్కల రొయ్యల చెరువుల పుణ్యమా అని బోర్లు ఉప్పెక్కిపోతున్నాయని జనం నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, ఆమె కొడుకు విజయ్ పాల్ మాత్రం మంచినీళ్ళ క్యాను కొని, అందులో చెన్నై నుంచి తెప్పించిన సముద్రపుప్పు పోసి, కర్ర పెట్టి కలుపుతాడు. ముప్పై ఏళ్ళవాడు. కరెంటాఫీసులో ఉద్యోగం. ముందుగది నిండా గాజుతొట్లు.

తొట్లలో వేలెడంత చేపలు. నారింజరంగు ఒంటి మీద తెల్ల పట్టీలు. జోకరు చేపలంటారట. పేరు సరిగ్గానే పెట్టారు, జోకరెవరో తెలియనిది వీడొక్కడికే అనుకునేది కృపారాణి.

ఆమె చదివింది ఏడో తరగతే అయినా, జరగబోయే కీడు ఊహించడానికి ఆ చదువు చాలింది. తొట్టి పగిలి నీళ్ళు ప్లగ్గులోకి దిగితే? వాడు తడిచేత్తో స్విచ్చి ముట్టుకుంటే? ఉప్పుగాలికి శ్లాబులో ఇనుము తుప్పుపట్టి అందరి నెత్తినా కూలితే? ప్రార్థన కూటంలో తక్కినవాళ్ళు పిల్లల ఉద్యోగాల కోసం, పెళ్ళిళ్ళ కోసం ప్రార్థన చేయించుకుంటే ఆమె శ్లాబు కోసం చేయించుకుంది.

ఇంతా చేసి వాడు సాధించిందేమిటంటే, రెండేళ్ళలో పదమూడుసార్లు చేపలచేత గుడ్లు పెట్టించి, పదమూడుసార్లూ పిల్లల్ని వారం తిరక్కుండా చంపుకోవడం.

"గోదాట్లో దొరికే చీరమేను చేపపిల్లలైతే గ్లాసు లెక్కన కొనుక్కుని గారెలేసుకుంటారు. నీ పిల్లలు దానికైనా పనికొస్తాయంట్రా?" అంది ఓసారి.

"తినడానికి కాదమ్మా ఇవి."

"అదే నేనూ అంటున్నా. ఎందుకూ కావని."

వాటి మేత మరీ విడ్డూరం. పుట్టిన పిల్ల నోట్లో పట్టేది కంటికి ఆనని పురుగొక్కటేనట. రోటిఫర్లట. ఆ పురుగులు బతకడానికి పచ్చటి నాచునీళ్ళు, నాచు పెరగడానికి ఎండ. అందుకని డాబా మీద నాలుగు టబ్బుల నిండా పచ్చనీళ్ళు, వాటిలో బుడబుడమంటూ బుడగల గొట్టాలు. ఇంట్లోకి తోటకూర తెమ్మంటే మర్చిపోయేవాడు పురుగులకి మాత్రం రెండు పూటలా మేత వేస్తాడు.

పద్నాలుగోసారి పిల్లలు శనివారం సాయంత్రం పుట్టాయి. సోమవారం పక్కింటి సూర్యకళ మనవణ్ణి డెంగీ అని ఆస్పత్రిలో చేర్చారు. ఆ మాట చెవిన పడగానే కృపారాణి కళ్ళు డాబా వైపు తిరిగాయి. నిలవనీళ్ళు, అందులో పురుగులు. ఇంక ఆలోచించడానికేముంది. పక్కింటి పిల్లాడి ఉసురు తన ఇంటికే తగులుతుంది. ఆ తరవాత జ్వరం తన కొడుక్కి. ఆ తరవాత సంగతి ఆమె తలుచుకోలేకపోయింది.

మంగళవారం వాడు ఆఫీసుకి వెళ్ళాక ఖాళీ పచ్చడిసీసా టబ్బులో ముంచింది. మూత పెట్టబోయి ఆగింది. పురుగు ఊపిరాడక చస్తే పరీక్షలో ఏం తేలుతుంది? పాత పంచెముక్క కట్టి రబ్బరుబ్యాండు వేసి, బజారులో రక్తపరీక్షల సెంటరుకి పట్టుకెళ్ళింది. అక్కడ పనిచేసే పావని చర్చిలో తెలిసిన పిల్లే.

"ఇంత పచ్చగా ఉందేంటాంటీ. ఎవరిదండి?" అంది పావని సీసా చూసి కంగారుగా.

"మా డాబాదమ్మా. డెంగీ ఉందేమో చూసిపెట్టు."

"ఇక్కడ రక్తం చూస్తామండి, నీళ్ళు చూడం."

"మైక్రోస్కోపు ఉందిగా. ఓసారి కన్ను పెడితే అరిగిపోద్దా?"

పావని నవ్వాపుకుంది. "మా సారు శనివారం వస్తారండి, అడిగి చూస్తాను. ఆ కిటికీలో పెట్టి వెళ్ళండి."

శనివారం దాకా ఆగే గుండె కాదు కృపారాణిది. శుక్రవారం ఆశా కార్యకర్త సత్యశ్రీ వచ్చింది. ప్రతి శుక్రవారం ఇంటింటికీ తిరిగి నిలవనీళ్ళు పారబోయించడం ఆమె పని. ఆమెని చూసి కుండీలు దాచుకునే వీధిలో, కృపారాణి గేటు దగ్గర నిలబడి చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్ళింది.

సత్యశ్రీ టబ్బుల్లోకి వంగి చూసింది. "నీళ్ళు కదులుతున్నాయి కదండీ పిన్నిగారు. దోమపిల్లలేం కనబడట్లేదండి. అబ్బాయిగారిని ఓ మాట అడగండి."

"వాణ్ణి అడిగేదేంటమ్మాయ్. అందులో ఉన్నది పురుగులని వాడే చెప్పాడు. కంటికి కనబడవనీ వాడే చెప్పాడు. కనబడనివి నీకెలా కనబడతాయి?"

మీ ఇష్టమండి అని సత్యశ్రీ మెట్లు దిగిపోయింది. కృపారాణి కొంగు బిగించి నాలుగు టబ్బులూ తనే ఒంపేసింది. బ్లీచింగ్ వేసి తోమి, ఎండలో బోర్లించింది. ఆ మధ్యాహ్నం చాలాకాలానికి కడుపునిండా అన్నం తింది.

సాయంత్రం విజయ్ పాల్ డాబా ఎక్కాడు, దిగాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. అందుకే ఆమెకి భయం వేసింది.

"టబ్బులెవరు బోర్లించారమ్మా?"

"నేనే. సూర్యకళ గారి మనవడికి డెంగీ."

వాడు పిల్లల తొట్టి ముందు స్టూలు మీద కూర్చున్నాడు. "ఇంకో వారం దాటితే ఇవి పెద్ద మేతకి దిగేవి. ఈసారి అరవై ఉన్నాయి."

"ఆ పురుగులేవో మళ్ళీ తెప్పించుకో. మద్రాసులో ఉప్పుతో పాటు పురుగులూ అమ్ముతారుగా."

"ఇప్పుడు చెబితే సోమవారం పంపుతారు. ఇవి ఆదివారం దాకా ఉండవమ్మా."

ఇన్నేళ్ళూ ఆ తొట్లని గుమ్మం దగ్గర్నుంచి చూసి వెక్కిరించడమే గానీ దగ్గరికి వెళ్ళింది లేదు. ఇప్పుడు వెళ్ళి వంగింది. కనురెప్ప వెంట్రుకంత పిల్ల ఒకటి ఒళ్ళు కొంకిలా వంచి, ముందుకి దూకి, ఖాళీ నీళ్ళని కొరికింది. ఏమీ దొరకలేదు. మళ్ళీ వంగింది, మళ్ళీ కొరికింది. ఎన్నిసార్లు దొరక్కపోయినా సిగ్గులేకుండా మళ్ళీ నోరు తెరుస్తోంది. అచ్చం వీడి పోలికే అనుకుంది కృపారాణి. అనుకున్నాక ఇంక అక్కడ నిలబడలేకపోయింది. వెళ్ళి చెప్పులేసుకుంది.

"ఎక్కడికమ్మా?"

"నీ పురుగులు కొన్ని రక్తపరీక్షకి వెళ్ళాయి. సెంటరు మూసేలోపు తెచ్చుకోవద్దూ? బండి తియ్యి."

వాళ్ళు వెళ్ళేసరికి పావని షట్టరు దించుతోంది. "మా సారింకా రాలేదండి ఆంటీ, రిపోర్టు..."

"రిపోర్టు అక్కర్లేదమ్మా. పేషెంటునిచ్చెయ్ చాలు."

విజయ్ పాల్ సీసాని ట్యూబులైటు కింద పట్టుకుని చాలాసేపు చూశాడు. పచ్చనీళ్ళలో నూకపొడి లాంటివేవో తిరుగుతున్నాయి.

"బతికే ఉన్నాయమ్మా. మూత పెట్టకుండా గుడ్డ కట్టావేంటి?"

"చస్తే పరీక్ష తేలదని."

వాడు రోడ్డు మీదే పడీపడీ నవ్వాడు. ఆమెకి ఒళ్ళుమండింది. దారంతా బండి మీద సీసాని ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుని, గోతులు చూసుకుని నడపరా అని తిడుతూనే వచ్చింది.

సగం సీసా పిల్లలకి, సగం కొత్త టబ్బుకి. అరవైలో పంతొమ్మిది మిగిలాయి. మర్నాడే కృపారాణి టబ్బుల మీద దోమతెర కట్టించింది. డెంగీ విషయంలో తన మాటే నెగ్గినట్టు.

ఆ పై వారం ఓ పొద్దున విజయ్ పాల్ కేకేసి పిలిచాడు. ఒక పిల్లకి తల వెనక తెల్లటి గీత పడింది. పట్టీ వచ్చిందంటే బతికినట్టేనట.

కృపారాణి కళ్ళజోడు పెట్టుకుని వంగింది.

"ఒక్క పట్టీయేనా? వాళ్ళమ్మకి మూడున్నాయిగా."

"తక్కినవీ వస్తాయమ్మా."

"రాకపోతేనో?" అంది. స్టూలు దగ్గరికి లాక్కుని, తొట్టి ముందు కూర్చుంది.