సీజన్ ముందు పరీక్ష

గరాజ్‌లో హాకీ బ్యాగ్ జిప్పు లాగాను. ఆ వాసన సంగతి పెళ్లికి ముందే ఎవరైనా నా చెవిన వేసి ఉండాల్సింది. చెమటకి నానిన ప్యాడ్లు, గ్లవ్స్, హెల్మెట్లు, తండ్రివీ కూతురివీ వేరు చేసి ఫ్యాను ముందు ఆరేస్తున్నాను. సిద్ధార్థ్ తలుపు దగ్గర నిలబడి, "ఇషాకి డెంటిస్ట్ ఉంది అని నువ్వు చెప్పలేదు నాకు," అన్నాడు. చెప్పాను. రాత్రి అన్నం పెడుతూ చెప్పాను, పొద్దున కాఫీ ఇస్తూ మళ్లీ చెప్పాను. "లేదు, లేఖా. చెప్తే నాకు గుర్తు ఉంటుంది కదా," అన్నాడు జాలిగా. కోపంగా అంటే పోట్లాడేదాన్ని. ఆ జాలి చూస్తే మాత్రం నామీద నాకే అనుమానం వస్తుంది.

మా ఆయన మిషిగన్‌లో డాక్టర్ల ఇంట్లో పుట్టి, మా మామగారు కేశవరావుగారు ఎంత మొత్తుకున్నా వినకుండా ఐస్ హాకీలోకి వెళ్లాడు. టీవీలో వచ్చే పెద్ద లీగ్ కాదు, దాని కింది మెట్టు. డిఫెన్స్‌మన్. గోల్ కొట్టేవాడు కాదు, ఎదుటివాణ్ణి కొట్టనివ్వనివాడు. ఒంటితో అడ్డం పడతాడు, గోడకేసి గుద్దుతాడు, గుద్దించుకుంటాడు. 2001లో విజయవాడలో పెళ్లిచూపులప్పుడు "అబ్బాయి స్పోర్ట్స్‌లో ఉన్నాడు" అన్నారు. మా నాన్న క్రికెట్ అనుకుని మురిసిపోయాడు. నేను వచ్చాక తెలిసింది ఆ ఉద్యోగం ఏమిటో. మధ్యాహ్నం ఫోన్ వస్తుంది, ఇంకో ఊరి టీముకి మార్చేశామంటారు, సాయంత్రానికి ఆయన విమానంలో ఉంటాడు. వంటింటి సామాను సర్దడం, డబ్బాలకి టేప్ వేయడం, చంకలో పిల్లతో లీజు రద్దు చేయించుకోవడం నా పని. మోకాలు పోయాక ఆట మానేసి క్యారీ అనే ఊళ్లో అమ్మాయిల టీముకి కోచ్ అయ్యాడు, ఇషా కూడా అందులోనే ఆడుతుంది. ఈ ఇల్లు కొన్నాం. ఇక స్థిరపడ్డాం అనుకున్నాను.

స్థిరపడ్డాకే నాకు అనుమానం పట్టుకుంది. ప్రాక్టీసు అయిపోయాక చాలాసేపటికి గానీ ఇంటికి రాడు. ఎక్కడికి వెళ్లావంటే ఒకసారి ట్రాఫిక్ అంటాడు, ఒకసారి మీటింగ్ అంటాడు. నేను గదిలోకి వెళితే ఫోన్ బోర్లా పెడతాడు. ఎవతో ఉందనుకున్నాను. సిగ్గు లేకుండా చొక్కాలు వాసన చూశాను. పదకొండేళ్ల కూతురున్న దాన్ని, స్నానం చేస్తున్న మొగుడి ఫోన్ తీసి చూశాను. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం చూస్తే ఇంకా అనుమానమేసింది. మరోపక్క ఇంట్లో నా మతిమరుపు గురించి రోజూ మాటే. తాళాలు నేనే ఎక్కడో పెట్టానంటాడు, బిల్లు నేనే కట్టలేదంటాడు. మా అత్తగారు నాగమల్లేశ్వరమ్మ, మా దగ్గరే ఉంటారు, కూర తరుగుతూ తలెత్తకుండా అనేవారు, "వాడికెందుకు గుర్తుండదు తల్లీ, చిన్నప్పట్నుంచీ ఏకసంథాగ్రాహి. నీకే పరధ్యానం ఎక్కువ. థైరాయిడ్ చూపించుకోరాదూ?" చూపించుకున్నాను. అంతా బాగానే ఉందన్నారు. అయినా నమ్మలేదు నన్ను నేను. అప్పట్లో ఫార్మసిస్ట్ లైసెన్స్ పరీక్షకి చదువుతున్నాను. "మందుల షాపులో మర్చిపోతే మనుషులు చచ్చిపోతారు, లేఖా," అన్నాడు సిద్ధార్థ్. నిజమే కదా అనిపించింది. పుస్తకాలు అటక మీద పెట్టేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ డెంటిస్ట్ గొడవ అయిన వారంలోనే ఒకరోజు ఉండబట్టలేక ఐస్ రింక్ బయట కారులో కాచుకుని కూర్చున్నాను. ఆయన కారు వెనకే నా కారు పోనిచ్చాను. ఏ అపార్ట్‌మెంట్ ముందు ఆగుతాడో, ఎవతె తలుపు తీస్తుందో అని చూస్తున్నాను. మా ఇళ్లుండే సబ్‌డివిజన్‌లోకే తిరిగాడు. మా వీధి దాటి వెళ్లిపోయాడు. వెనక్కి వచ్చి మళ్లీ దాటేశాడు. మూలనున్న చర్చి పార్కింగ్‌లో ఆపి, స్టీరింగ్ మీద తల ఆనించి కూర్చున్నాడు. నేను దిగి పక్కకి వెళ్లేసరికి కిటికీ అద్దం దించి ఉంది. ఫోన్‌లోని అమ్మాయి గొంతు దారి చెబుతోంది, మా ఇంటికి. ఆరేళ్లుగా ఉంటున్న మా ఇంటికి. నేను అడుగు వెనక్కి వేశాను, ఆయన చూడలేదు. కారులో కూర్చుని ఏడ్చాను. మొదట జాలితో ఏడ్చాను, తర్వాత నా పుస్తకాలు గుర్తొచ్చి కోపంతో ఏడ్చాను.

ఎలా అడగాలో తేల్చుకునేలోగా శనివారం మ్యాచ్‌లో ఇషా జారిపడి, తల రింక్ చుట్టూ ఉండే బోర్డు గోడకి ఠంగున కొట్టుకుంది. ఇలా దెబ్బ తగిలిన పిల్లలకి క్లబ్బులో కంప్యూటర్ మీద ఒక పరీక్ష పెడతారు. బొమ్మలు, మాటలు గుర్తుపెట్టుకోవాలి. సీజన్ ముందు ఆరోగ్యంగా ఉన్నప్పుడు అదే పరీక్ష రాసి ఉంటారు కాబట్టి, రెండింటినీ పోల్చి తల బాగుందో లేదో తేలుస్తారు. సోమవారం ఇషా రాసింది. తేడా లేదు, వచ్చే శనివారం టోర్నమెంట్ ఆడొచ్చన్నారు. మంగళవారం పొద్దున అది సిరియల్‌లో పాలకి బదులు ఆరెంజ్ జ్యూస్ పోసుకుని తినేస్తోంది. "లంచ్ బాక్స్ బ్యాగ్‌లో పెట్టుకోమని చెప్పాను కదే," అన్నాను. "నువ్వు చెప్పలేదు, అమ్మా," అంది. అదే గొంతు, అదే జాలి. స్టవ్ ఆపేశాను.

పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగాను, పరీక్షలో తేడా ఎందుకు రాలేదని. అది గర్వంగా చెప్పింది. "డాడీ టాట్ మి ద ట్రిక్. సీజన్ ముందు టెస్ట్ ఉంది కదా, అది స్లోగా చెయ్యాలి, కొన్ని రాంగ్ పెట్టాలి. అప్పుడు తర్వాత హిట్ అయినా సేమ్ స్కోర్ వస్తది. డాడీ ఎవ్రీ ఇయర్ అలాగే చేశాడంట. ప్రో ప్లేయర్స్ అందరూ చేస్తారు, అమ్మా."

ఆ సాయంత్రం సిద్ధార్థ్‌ని వంటింట్లో నిలదీశాను. "నీకు హాకీ తెలీదు. బయట కూర్చుంటే ఇంకొకడు వస్తాడు నీ ప్లేస్‌లో. అందరూ చేశారు. నాకు ఏమి అయింది? ఐ యామ్ ఫైన్," అన్నాడు.

"ఫైన్ అయితే మనింటికి రావడానికి ఫోన్ దారి ఎందుకు చెబుతోంది?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎప్పటినుంచి తెలుసు నీకు?" అన్నాడు. నేనడగాల్సిన ప్రశ్న అది.

"అంటే నేను చెప్పినవన్నీ చెప్పానని నీకు తెలుసు. నాకే మతిమరుపని నమ్మించావు."

"ఫస్ట్‌లో తెలీదు, లేఖా. తర్వాత... భయం వేసింది."

అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. "ఇప్పుడీ మాట బయటికి పోతే వాడి ఉద్యోగం ఉంటుందా? ఇన్నేళ్లు గుట్టుగా నెట్టుకొచ్చాం. పిల్లని ఓ నాలుగు రోజులు కనిపెట్టుకుని ఉంటే సరి. అన్నిటికీ రచ్చకెక్కుతామా?" అన్నారు. నెట్టుకొచ్చాం అన్నారావిడ. కూర తరుగుతూ నన్ను థైరాయిడ్ చూపించుకోమన్నప్పుడు కూడా ఆవిడకి అంతా తెలుసన్నమాట. ఎసరు మరుగుతుంటే బియ్యం వేసి, అందరికీ అన్నం పెట్టాను. పిల్లవంకా, తండ్రివంకా చూస్తూ కూర్చున్నాను. ఇద్దరూ ఒకేలా, ముద్ద చేతిలో పట్టుకుని ఏదో ఆలోచిస్తున్నారు.

మర్నాడు ఇషాని స్కూల్ నుంచి నేరుగా రింక్‌కి తీసుకెళ్లాను. "అమ్మా, ప్లీజ్, టీమ్ నుంచి తీసేస్తారు, డాడీ మ్యాడ్ అవుతాడు," అని కారులో ఏడ్చింది. నాకూ భయంగానే ఉంది. మంచు మీద సిద్ధార్థ్ విజిల్ వేస్తూ పిల్లల్ని పరిగెత్తిస్తున్నాడు. అద్దం ఇవతల నడుస్తున్న మమ్మల్ని చూసి విజిల్ నోట్లోనే ఉంచుకుని నిలబడిపోయాడు. నేను ఆగలేదు. దెబ్బలు చూసే టీమ్ ట్రైనర్ గదిలో పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, సీజన్ ముందు రాసిన పరీక్ష కావాలని తప్పు రాసిందని చెప్పాను. ఆమె ఇషా కళ్లలోకి లైటు వేసి చూసింది, మూడు మాటలు చెప్పి కాసేపాగి అడిగింది. ఇషా ఒక్కటే చెప్పగలిగింది. ట్రైనర్ నా వైపు తిరిగి, ఈ మర్చిపోవడం ఎప్పటి నుంచి అని అడిగింది.

"పాపకి శనివారం నుంచి," అన్నాను. "వీళ్ల కోచ్‌కి, మేం ఈ ఊరొచ్చినప్పటి నుంచి."