ఆడెపు కట్టయ్య, తండ్రి పోశయ్య

స్టేషన్ బయటి నల్లా కింద తల పెట్టి కట్టయ్య రెండోసారి మెడ రుద్దుకున్నాడు. కళ్యాణ్‌లో ఎక్కింది మొదలు వరంగల్‌లో దిగేదాకా జనరల్ డబ్బాలో తలుపు పక్కనే నిలబడి వచ్చాడు. మెడ మడతల్లో మసి పేరుకుపోయింది. సంచిలోంచి ఉతికిన తెల్ల చొక్కా తీసి, దులిపి తొడుక్కున్నాడు. మరమగ్గాల మోతకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఆటోవాడు గట్టిగా రెండుసార్లు పిలిస్తేగాని తిరగలేదు. తిరిగి, నడిచే పోతానన్నట్టు చెయ్యి ఊపాడు.

ముప్పై ఏళ్లుగా ప్రతి ఎన్నికకూ ఇట్లాగే వస్తున్నాడు. చేమగ్గం మీద తివాచీలు నేసే పని తగ్గిపోయినప్పుడు భార్యను తీసుకుని కళ్యాణ్ దగ్గరి భీవండికి మరమగ్గాల పనికి పోయాడు. బిడ్డ అక్కడే పుట్టింది, అక్కడే అత్తారింటికి పోయింది. భార్య అక్కడే కన్నుమూసింది. వరంగల్ కాశిబుగ్గలో అతనిదంటూ మిగిలింది ఓటు ఒక్కటే.

అక్క యాకమ్మ చాయ చేతికిస్తూ చెప్పింది. "పద్మలత రెండు మాట్ల వచ్చిందిరా తమ్మీ. నీ పేరు గురించి ఏందో మాట్లాడాల్నట. జర కలువు."

పద్మలత ఆ వాడ అంగన్‌వాడీ టీచరు. ఓటర్ల జాబితా రాసే పని కూడా ఆమెదే. బడి గేటు దగ్గర బల్ల వేసుకుని చీటీలు పంచుతున్నదల్లా కట్టయ్యను చూసి లేచి నిలబడింది.

"కాకా, నువ్వు కోపానికి రావొద్దు. నువ్వు ఈడ ఉంటలేవు. మీ ఇల్లు గూడ లేదాయె. ఊరిడిసినోళ్ల లిస్టుల రాసిన. అబద్ధం రాయబుద్ధి గాలే."

కట్టయ్య తల తిప్పి చూశాడు. వీధి చివర, తండ్రి మగ్గపు గుంట ఉన్న చోట, ఇప్పుడు నాలుగంతస్తుల ఇల్లు లేచింది. జాబితాలో మాత్రం ఆ పాత ఇంటి నంబరే ఉంది. ఇందాక దాని ముందు నుంచి వస్తుంటే వాచ్‌మన్ చెప్పాడు, సెలవు దొరికిందని అందులోని సార్లంతా పొద్దున్నే కార్లేసుకుని లక్నవరం చెరువుకు షికారు పోయారని.

"ఈపొద్దు ఏయనిస్తరా బిడ్డా?"

"ఏయనిస్తరు. కార్డు జూపి, ఏలిముద్ర పెట్టాలె. మల్లొచ్చే ఎన్నికలకు మాత్రం పేరుండది కాకా. భీవండిల రాయించుకో, ఫారం నేనే నింపిస్త."

"నీ పని నువ్వు చేసినవ్. మంచిదే," అని లోపలికి నడిచాడు.

వరసలో పట్టుమని ఇరవై మంది లేరు. బీడీలు చుట్టే ఆడవాళ్లు, నూలు కండెలు చుట్టే ముసలివాళ్లు, చంకలో పిల్లతో ఒక బాలింత. ఎండకు నేల కాలుతుంటే ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తున్నారు తప్ప ఎవరూ కదిలిపోలేదు. కట్టయ్య వాళ్ల చివర నిలబడ్డాడు.

మూడో తరగతి గదిలో గుమస్తా కార్డు అందుకుని చదివాడు. "ఆడెపు కట్టయ్య. తండ్రి పోశయ్య." పక్కనున్న ఇంకో కాగితం చూసి ఆగిపోయాడు. ఎన్నికల అధికారి అద్దాలు సవరించుకుని, "ఈయన ఊళ్లో లేనట్టు రాసి ఉంది. ఎవరైనా గుర్తుపడతారా?" అని పార్టీల ఏజెంట్ల వైపు చూశాడు.

ఆ ఇద్దరూ పొద్దుటి నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒకడు యాకమ్మ కొడుకు సుదర్శన్. ఇంకొకడు ఎదుటి పార్టీ సదానందం. ఇద్దరూ ఒక్కసారే లేచారు.

"పోశయ్య కొడుకు సార్. ఈయన నేసిన జంపఖానా మీదనే నా పెండ్లయింది," అన్నాడు సదానందం.

"మా మేనమామ సార్. ఎవలకేస్తడో ఇప్పటిదాక నాకు గూడ చెప్పలే," అన్నాడు సుదర్శన్. గదిలో అందరూ నవ్వారు.

అధికారి నవ్వలేదు. "భీవండి నుంచి వచ్చారా? ఓటు కోసమే?"

"ఔ సార్."

"ఇంత దూరం ఎందుకు?"

కట్టయ్య కుడి చెవి అటు తిప్పి విన్నాడు. చెప్పాలా వద్దా అన్నట్టు చొక్కా అంచు సర్దుకున్నాడు.

"ఆడ నన్ను పదకొండో నంబరంటరు సార్. నేను నడిపే మిషిని నంబరు. మా నాయిన పేరు గలిపి నన్ను పిలిచేది ఈడనే. గందుకే వస్త."

అధికారి గుమస్తా వైపు తిరిగి, "మళ్లీ చదవండి. గట్టిగా," అన్నాడు.

గుమస్తా ఎందుకో లేచి నిలబడ్డాడు. "ఆడెపు కట్టయ్య! తండ్రి పోశయ్య!"

వరండాలో నిలబడ్డ వాళ్లు కూడా విన్నారు. బీడీల ఆడవాళ్లలో ఒక ముసలామె, "పోశయ్య కొడుకా, ఇంకా వస్తాండా!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కట్టయ్యకు ఇన్నేళ్లుగా విన్న పేరే, అయినా గుడిలో గంట కొట్టినట్టు గుండెలో మోగింది. వేలిముద్ర వేశాడు. అట్ట చాటుకు పోయి మీట నొక్కాడు. యంత్రం కూత పెట్టింది. పక్క డబ్బాలో అద్దం వెనక చీటీ వెలిగి, నిలిచి, రాలింది. అది రాలిన తర్వాత కూడా ఆ ఖాళీ అద్దాన్ని కన్నార్పకుండా చూశాడు.

సాయంత్రం ఆరు దాటాక పద్మలత, తాను నింపిన ఫారం పట్టుకుని, యాకమ్మ ఇంటికి వచ్చింది. ఎండకు మొహం నల్లబడింది.

"నలభై నాలుగు శాతం పడ్డయి పెద్దమ్మా. బడి పక్కనే ఉన్నోళ్లు రాలే. కాకకు చెబుదామని వచ్చిన."

"ఇప్పుడే పాయె బిడ్డా. రైలు టైమయిందని ఉరికిండు."

"మల్ల వస్తనన్నడా?"

"పోయొస్త అన్నడు గని, ఎన్నడని చెప్పలే."

పద్మలత ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. జాబితాలో ఆ పాత ఇంటి నంబరు దగ్గరున్న కట్టయ్య పేరు మీద రేపు తన చేత్తోనే గీత కొట్టాలి. ఇద్దరూ స్టేషన్ దిక్కు చూస్తూ నిలబడ్డారు. యాకమ్మ కూర్చోబోతూ అరుగు మీదికి చూసింది. తమ్ముడికి దారిలో తినడానికని కట్టిన టిఫిన్ డబ్బా అక్కడే ఉంది, మూత ఇంకా వెచ్చగా.