లోవరాజు చదవకుండా ఒప్పుకున్నది

లోవరాజు అప్పటికే షట్టరు సగానికి ఎత్తి, మిగతా సగాన్ని భుజంతో నెడుతున్నాడు. ఆ షట్టరుకీ ఆయనకీ ఇరవై ఆరేళ్ళ తగువు. రోజూ అది మొరాయించడం, ఈయన "ఏవమ్మా, ఇవాళా అంతేనా?" అని బతిమాలడం, చివరికి ఇద్దరూ కీచుమంటూ రాజీ పడడం. లోపలికెళ్ళి టేబులు మీద చేరిన మిల్లుల ఊకదుమ్ము తుడిచి, గుమ్మంలో చెంబుడు నీళ్ళు చల్లి, కుర్చీలో కూర్చున్నాక గాని ఆయనకి తెల్లారినట్టుండదు. మండపేట రిజిస్ట్రారు ఆఫీసుకి ఎదురు సందులో ఉందా టైపు దుకాణం.

మనిషి సన్నగా, పొడుగ్గా, మెడ దగ్గర కాస్త వంగి ఉంటాడు. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే దారం చుట్టి నాలుగేళ్ళయింది. చూపుడువేళ్ళ కణుపులు ఉబ్బి ఉంటాయి, టైపు మిషను మీద లోయరు, హయ్యరు పరీక్షలు పాసైన రోజుల నాటి గుర్తు. మిషను పోయి కంప్యూటరు వచ్చినా మీటల్ని బాదడం మానలేదు. పక్కన టీ కాచే రమేష్ బాబు ఆ చప్పుడు విని, "లోవరాజుగారు దస్తావేజులో పడ్డారు, టీ కాసేపాగి పట్టుకెళ్దాం" అంటుంటాడు.

గొప్ప మనిషేం కాదు. కానీ రాయించుకునే పార్టీ వేలిముద్ర వేసేవాడైనా, పెద్ద ప్లీడరైనా, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివి వినిపించనిదే సంతకం పెట్టనివ్వడు. "తొందరండీ" అన్నవాళ్ళకి "అయితే రేపు రండి" అని జవాబు. ఇక టైపు చేసిన సంగతి బయటికి పొక్కనిచ్చిన పాపాన పోలేదు. ఆయన భార్య నాగదుర్గ మాత్రం ఇరుగుపొరుగుతో నవ్వుతూ చెబుతుంది. "ఆయన నోరు విప్పక్కర్లేదండీ, కంచం చూస్తే చాలు. చారు మారు అడిగితే ఎవరికో రాజీ కుదిరినట్టు, ఆవకాయ ముట్టకపోతే అన్నదమ్ములు విడిపోయినట్టు." పేర్లు ఆవిడకీ తెలీవు.

పదింటికి పాపాయి వచ్చింది. డెబ్బై దాటిన రైతుమనిషి, నడకలో ఇంకా చేను గట్టు మీద నడిచిన జోరు ఉంది. తనకున్న అర ఎకరం కొడుక్కి కాకుండా కోడలు వీరవేణి పేర వీలునామా రాయించాలంది.

"మావాడు మంచోడే నాయనా. కాకపోతే ఎవడు కాగితం చూపించి సంతకం పెట్టంటే పెట్టేస్తాడు, అందులో ఏముందో చూడడు. ఆ చేలో ఒళ్ళొంచి చేసేది కోడలే. నేను పోయాక తెలిస్తే తెలియనీ. ఇప్పుడు తెలిసిందా, అలుగుతాడు. అలిగాడంటే నాలుగు రోజులు అన్నం ముట్టడు, వాణ్ణి బతిమాల్లేక చావాలి నేను."

లోవరాజు నవ్వి, "ఈ గుమ్మం దాటదండి" అన్నాడు. ఆ మాట ఆయన ఎన్ని వేలసార్లు అన్నాడో. ఒక్కసారీ అబద్ధం కాలేదు. వివరాలన్నీ రాసుకుని, సాయంత్రం వస్తే చదివి వినిపించి సాక్షుల్ని పిలుద్దామన్నాడు.

ఆవిడ వెళ్ళాక టైపు పూర్తిచేసి, ఫైలు దాచి, వేళ్ళు విరుచుకుంటూంటే కంప్యూటరు కింది మూలలో చిన్న గడి లేచింది. నాలుగు రోజుల క్రితమే వచ్చిన కొత్త కంప్యూటరది. శుభ్రమైన తెలుగులో చెప్పింది: "ఈ వారం మీ 41 ఫైళ్ళు మా దగ్గర భద్రంగా ఉన్నాయి."

మా దగ్గరేంటి? ఈ గదిలో ఉన్నది తనొక్కడే.

అప్పుడు గుర్తొచ్చింది. కంప్యూటరు బిగించిన రోజు, తెరంతా చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు, కింద "ఒప్పుకుంటున్నాను" అని ఓ మీట. దుకాణం యజమాని సత్యప్రసాద్ పక్కన నిలబడి "అది నొక్కండి బాబాయ్, నొక్కితేగాని ముందుకెళ్ళదు" అన్నాడు. తను నొక్కేశాడు. ఒక్క ముక్క చదవకుండా!

ఆ ఒప్పందం ఎక్కడుందో వెతికి ప్రింటు తీస్తే ముప్పై ఎనిమిది పేజీలు తేలింది. మధ్యాహ్నం క్యారేజీ మూత కూడా తియ్యకుండా చదివాడు. దస్తావేజుల ఇంగ్లీషే కాబట్టి చాలావరకు బోధపడింది. మీరు రాసినవి మా దగ్గర దాస్తాం, ఏం వాడుతున్నారో ఎంతసేపు వాడుతున్నారో తెలుసుకుంటాం, సేవలు మెరుగుపరచడానికి వాడుకుంటాం, అవసరమైతే మా భాగస్వాములకిస్తాం. ఇచ్చేవాడెవడో ఉంది, పుచ్చుకునేవాడెవడో ఉంది గాని హద్దులు లేవు. తూర్పు ఎంతవరకో, పడమర ఎంతవరకో ఏ పేజీలోనూ రాయలేదు. హద్దుల్లేని దస్తావేజు ఆయన తన జన్మలో చూళ్ళేదు.

రెండింటికి సత్యప్రసాద్ వచ్చి ఆ కాగితాల దొంతర చూసి తెల్లబోయాడు.

"ఇదేంటి బాబాయ్, కట్టంతా ఖాళీ చేసేశారు?"

"ఇది చదివావా ప్రసాదు బాబూ?"

"ఎవరు చదువుతారండీ! లోకమంతా కళ్ళు మూసుకుని నొక్కేదే."

సత్యప్రసాద్ చెడ్డవాడు కాదు. తండ్రి నాటి మనిషని లోవరాజంటే గౌరవం. అందుకే విసుక్కోకుండా సెట్టింగుల్లోకెళ్ళి మూడుచోట్ల మీటలు ఆపాడు. నాలుగోది బూడిదరంగులో బిగుసుకుని కదల్లేదు. దాని కింద "అవసరమైన సమాచారం ఎప్పుడూ పంపబడుతుంది" అని ఉంది.

"ఎవరి అవసరం బాబూ?"

"ఏమోనండి."

"నెట్టు తీగ పీకేద్దామా?"

"చలానాలెలా కడతాం, రిజిస్ట్రేషను స్లాటులెలా బుక్ చేస్తాం? దుకాణం మూసుకోవాల్సిందే. అయినా మండపేట వీలునామాలతో వాళ్ళకేం పనండీ?"

"పనిలేకపోతే పట్టుకెళ్ళడమెందుకు?"



అయిదింటికి పాపాయి వచ్చి కూర్చుని చెవి దగ్గరికి పెట్టింది. లోవరాజు వీలునామా తియ్యలేదు. "ముందు ఇంకో కాగితం వినండి" అని, ఆ ఒప్పందంలో నాలుగో పేజీ తెలుగు చేసి చదివాడు.

ఆవిడ శ్రద్ధగా వింది. "ఇందులో నా పేరుందా?"

"లేదండి."

"నేను వేలిముద్ర వేశానా?"

"మీ తరఫున నేను వేశానండి. చదవకుండా."

ఇంత వయసొచ్చాక ఇలా తలొంచుకోవాల్సి వస్తుందని అనుకోలేదు, సిగ్గుతో చచ్చిపోయాడు. పాపాయి ఆ మొహంలోకి చూసి పగలబడి నవ్వింది.

"ఓరి నీ అసాధ్యం కూలా! మావాడి బాపతే నువ్వూనూ! ఆ కంపెనీ ఆయన మావాడికి ఫోను చేసి చెప్తాడా ఏంటి?"

"చెప్పకపోవచ్చండి. కానీ గుమ్మం దాటదన్నాను. దాటింది."

ఆవిడ నవ్వు ఆపింది. "వెనక్కి రాదా?"

"ముప్పై ఎనిమిది పేజీలూ చూశానండి. ఎలా రప్పించాలో నాకు దొరకలేదు."

పాపాయి కాసేపు బుగ్గన వేలేసుకుని ఆలోచించి, "అయితే చేత్తో రాయి. అర ఎకరంలో పది సెంట్లు మనవరాలు దుర్గాశ్రీకి, మిగతాది కోడలికి. ఇప్పుడు వాళ్ళ దగ్గరున్నది తప్పు కాగితం. దాచుకోమను, ఎంత భద్రంగా దాచుకుంటారో!" అంది.

లోవరాజుకి కళ్ళంట నీళ్ళొచ్చేంత నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే తెల్లకాగితం తీసి, నీలిసిరాతో, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు. గొంతు తగ్గించి రెండుసార్లు చదివి వినిపించాడు. రాత మీద ఇంకో కాగితం కప్పి, అడుగు భాగం మాత్రం కనిపించేలా పెట్టి ఆవిడ వేలిముద్ర వేయించి, సత్యప్రసాద్ చేత, రమేష్ బాబు చేత సాక్షి సంతకాలు చేయించాడు. పాపాయి ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుని, గట్టు మీద నడిచినట్టే నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

లోవరాజు క్యారేజీ సంచి భుజానికి తగిలించుకుని, తాళంచెవి సత్యప్రసాద్ చేతిలో పెట్టాడు.

"రేపట్నించి రానులే బాబూ. స్టాంపులమ్మే గంగరాజుగారి అరుగు ఖాళీగానే ఉంది. నాకు పెన్ను చాలు."

"కోపమొచ్చిందా బాబాయ్?"

"నీ మీద కోపమేంటయ్యా! గుమ్మం దాటదని ధైర్యం చెప్పకుండా నాకు పని చెయ్యడం రాదు. ఇక్కడ కూర్చుని ఆ మాట అనలేను."

సత్యప్రసాద్‌కి ఏడుపొచ్చినంత పనయింది. లోవరాజు ఆ కుర్రాడి వీపు తట్టి, చెప్పులు తొడుక్కుని, రమేష్ బాబుకి చెయ్యూపి సందు మలుపు తిరిగాడు. చూసినవాళ్ళకి రోజూ వెళ్ళినట్టే వెళ్ళాడు.

మర్నాడు షట్టరు ఎత్తిన సత్యప్రసాద్‌కి కంప్యూటరు నెత్తిన బంకతో అంటించిన కాగితం కనిపించింది. "ఇందులో టైపు చేసినది వేరేచోటికి కూడా వెళుతుంది. తెలుసుకుని చేయించుకోండి." బేరాలు పోతాయని భయపడి ఓ మూల పట్టుకుని పీకబోయాడు. ఈలోపు మొదటి బేరం, ఒకావిడ, గుమ్మంలోంచే అది చదివి, "ఎక్కడికెళ్తుందండీ?" అని అడిగింది. సత్యప్రసాద్ కాస్త తటపటాయించి, కాగితం వదిలేసి, ఆవిడకి కుర్చీ లాగి, "కూర్చోండమ్మా, చెప్తాను" అన్నాడు.

ఒక మూల కాస్త లేచి, గాలికి కొద్దిగా ఆడుతూ, నీలిసిరా గుండ్రటి అక్షరాలతో ఆ కాగితం ఇప్పటికీ అక్కడే ఉంది.