పండుగప్ప పడితే మోగాల్సిన గంట

నేను ఒక ఇత్తడి గంటను. గుడిగంటను కాను, బడిగంటను కాను. గుప్పిట్లో పెట్టుకుంటే కనపడనంత చిన్నదాన్ని. భీమిలి దగ్గర గోస్తని నది సముద్రంలో కలిసే మొగలో, ఇసుకలో నిలబెట్టిన గేలపు రాడ్డు కొసన వేలాడుతూ, చేప ఎర లాగగానే మోగడం నా ఉద్యోగం. ఉద్యోగం అన్నానని నవ్వకండి. నా యజమాని భానోజీరావు జూట్ మిల్లులో టైమ్‌కీపరుగా చేసిందీ ఇంచుమించు ఇదే. షిఫ్టు గంట కొట్టించి వందలమందిని లోపలికి తోలిన మనిషి, రిటైరయ్యాక నేనెప్పుడు మోగుతానా అని నా మొహం చూస్తూ ఇసుకలో కూర్చుంటాడు.

నేను పుట్టింది శ్రీకాకుళం వైపు ఒక కంచరి కొలిమిలో. అడుగు చిల్లుపడ్డ చెంబు, విరిగిన దీపపు కుంది, ఎవరో పారేసిన కుళాయి, ఇవన్నీ కలిపి కరిగించి మూసలో పోస్తే నేనయ్యాను. నాలో ఎవరి పాలు ఎంతో తెలియదు గానీ, నీళ్లు కనపడితే మాత్రం ఆ కుళాయి తాలూకు రక్తం కాస్త ఉప్పొంగుతుంది.

మొదట నన్ను ఒక మేక మెడలో కట్టారు. దాని పేరు మహారాణి, నడకా అలాగే ఉండేది. మేతకు వెళ్లినప్పుడు తప్పిపోకుండా ఉండాలని నన్ను కట్టారు. నేనున్నన్నాళ్లూ అది ఒక్కసారి కూడా తప్పిపోలేదు. అమ్మవారి పండగ నాడు పొద్దున్నే వెతికితే కూడా ఎక్కడికీ పోకుండా చక్కగా దొరికింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో అందరూ కడుపునిండా తిన్నారు. మనుషులు చూపించే శ్రద్ధ గురించి అప్పుడే నాకొక అభిప్రాయం ఏర్పడింది. దాన్ని ఇప్పటికీ మార్చుకోలేదు.

తరవాత సంతలో, పాత తాళాల మధ్య, గోనెపట్టా మీద పడి ఉండగా భానోజీ నన్ను తీసి చెవి దగ్గర ఆడించాడు. మొహం వెలిగిపోయింది. మిల్లు మూతపడ్డాక ఆయన చెవిలో గంట మోగడం అదే మొదటిసారట. ఇంటికి తీసుకెళ్లి, నైలాను దారంతో రాడ్డు కొసకు కట్టి, వంటింటి తలుపు వెనక మూలలో నిలబెట్టాడు. దాంతో ఆ వంటింట్లో జరిగేవన్నీ నా కళ్లముందే జరిగేవి.

వంటింటి యజమానురాలు సన్యాసమ్మ, భానోజీ భార్య. కోపం వస్తే కూర ఇంకా బాగా వండే మనిషి. మా వల్ల ఆ ఇంట్లో కూరలు చాలా బాగుండేవి. ఆవిడకు మా మీద ఉన్న ఫిర్యాదు ఒకటే. పండుగప్ప తెస్తానని వెళ్లిన మొగుడు రెండేళ్లుగా పండుగప్ప తేలేదు. జెల్లలు తెచ్చాడు, పీతలు తెచ్చాడు, ఒకసారి ఎడమకాలి చెప్పు తెచ్చాడు. అది కూడా తన సైజు కాదు.

పండుగప్పంటే మాటలా? పెద్ద నోరు, వెండిలా మెరిసే ఒళ్లు, నదీ సముద్రం కలిసే చోట తిరుగుతూ పోటు మీద ఒడ్డుకు దగ్గరగా వచ్చే చేప. దానికి కవళ్లనే చిన్న చేపలను ముక్కలుగా కోసి ఎర పెట్టాలని భానోజీ సిద్ధాంతం. ముందురోజు సాయంత్రమే కవళ్లు కోసి, ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాస్తాడు. ఈ డబ్బా మీద ఆ ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. చివరికి సన్యాసమ్మ ఒక చట్టం చేసింది. కింది అర ఎరది, పై అర మనుషులది. టైమ్‌కీపరు బుద్ధి కనక ఆ చట్టం భానోజీకి బాగా నచ్చింది. అప్పటినుంచి మూత తీసి చూడటం కూడా మానేసి, కింది అరలోకి చెయ్యిపెట్టి డబ్బా తీసుకుని వెళ్లిపోయేవాడు.

ఇక నా సంగతి. నేను అబద్ధాలకోరునని ఆ ఒడ్డున పేరు పడింది. గాలి వీస్తే మోగాను, నిజమే. కుక్క తాడు తొక్కితే మోగాను, అదీ నిజమే. పీత ఎర లాగితే మోగాను. పీత లాగడం లాగడం కాదా, మీరే చెప్పండి? కానీ మోగిన ప్రతిసారీ భానోజీ లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తడం, పక్కనే పల్లీలు తింటూ కూర్చున్న తాతాజీ నవ్వడం మామూలైపోయింది. తాతాజీ సన్యాసమ్మ తమ్ముడు, ఆటో తోలతాడు. ఆదివారం బావ పక్కన కూర్చోవడం అతనికి సినిమాతో సమానం.

"బావా, నీ గంటకి వాతం వొచ్చినట్టున్నాది. దాన్ని డాక్టరుకి సూపించు," అనేవాడు.

ఇంట్లో కూడా పరువు దక్కలేదు. పిల్లి తగిలి నేను మోగితే, కునికిపాట్లు పడుతున్న భానోజీ కుర్చీలోంచి ఉలిక్కిపడి లేచి, "పడ్డాదా?" అని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చేవాడు. సన్యాసమ్మ గరిట చేత్తో పట్టుకుని ఆయన్ని ఒక చూపు చూసేది.

అలా రోజులు గడుస్తుండగా సన్యాసమ్మను వాళ్ల పొదుపు సంఘానికి లీడర్ని చేశారు. ఇన్నాళ్లూ వెనక వరసలో కూర్చున్న మనిషి. ఆ రోజు ఇంటికొచ్చి ముందు మంచినీళ్లు తాగింది. తరవాత, సంఘంలోని ఆడవాళ్లందర్నీ ఆదివారం భోజనానికి పిలిచానని, చేపల పులుసు పెడతానని చెప్పింది.

"కొనడమెందుకే. పండుగప్ప నాను తెత్తాను," అన్నాడు భానోజీ.

ఆవిడ ఉల్లిపాయ తరగడం ఆపింది. "తెండి. తేకపోతే సోమారం పాత ఇనుమోడు వొత్తాడు. ఆ రాడ్డు, ఆ రీలు, ఆ గంట ఆడికే. మరి నాతో మాటాడొద్దు."

రాడ్డు సరే, రీలు సరే. గంట ఏం చేసింది? నేను మళ్లీ మూసలోకి పోయి చెంబునై కుళాయినై బతకాలా? ఆ రాత్రి గాలి లేకపోయినా నాకు వణుకు తగ్గలేదు. భానోజీకీ నిద్ర లేదు. ఆయనకు ఆ ఒడ్డు తప్ప వెళ్లడానికి ఇంకొక చోటు లేదు పాపం.

మొగుడి మాట నమ్మే దశ సన్యాసమ్మ ఎప్పుడో దాటింది. శనివారం చడీచప్పుడు కాకుండా వంజరం చేప ముక్కలు కొని తెచ్చి, ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి, ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి పై అరలో ఉంచింది. కింది అరలో భానోజీ కవళ్ల డబ్బా ఉంది. చట్టం ప్రకారం అంతా సవ్యంగానే ఉంది. కానీ అంతమందికి పెరుగు తోడుపెట్టిన గిన్నె పై అరలో పట్టలేదు. ఆవిడ డబ్బాలు రెండూ బయటికి తీసింది, గిన్నె పెట్టింది, మళ్లీ డబ్బాలు సర్దింది. వంజరం కిందికి వచ్చింది, కవళ్లు పైకి వెళ్లాయి. నేను తలుపు వెనకనుంచి చూస్తూనే ఉన్నాను. అరవాలనిపించింది. నాలిక ఉంది గానీ గాలి ఏది?

తెల్లవారుతుండగా భానోజీ కింది అరలో చెయ్యిపెట్టి డబ్బా తీసుకున్నాడు. ఆయనకు వారంగా జలుబు. కళ్లజోడు తడుస్తుందని ఎప్పుడూ ఇంట్లోనే వదిలేస్తాడు. ఇసుకలో ప్లాస్టిక్ పైపు పాతి, ఆ మసక వెలుతురులో ముక్క తీసి గేలానికి గుచ్చాడు.

"కవళ్లు ఇంతింత ముక్కలు కోసేనేటి?" అని గొణుక్కుని, "ఫ్రిజ్‌లో నీరుపట్టి ఉబ్బినట్టున్నాయి," అని తనే సమాధానం చెప్పుకున్నాడు. గేలం విసిరి, రాడ్డు పైపులో నిలబెట్టి, నన్ను ఒకసారి ఆప్యాయంగా సరిచేశాడు. ఆ తరవాత అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు.

ఆయన చేసిన నృత్యం నేను వర్ణించలేను. పల్లీల పొట్లం పక్కనపెట్టి తాతాజీ కూడా లేచి నిలబడ్డాడంటే మీరే అర్థం చేసుకోండి.

"పీత కరిసిందేటి బావా?"

"కన్నురా, కన్ను మండిపోతన్నాది."

తాతాజీ ఆయన చెయ్యి పట్టుకుని చూశాడు, వాసన చూశాడు, డబ్బా మూత తీసి మళ్లీ వాసన చూశాడు. అతని మొహంలో మొదట ఆశ్చర్యం, తరవాత ఆకలి కనపడ్డాయి. "బావా, ఎరకి అల్లం వెల్లుల్లి పెట్టినావేటి?"

భానోజీ ఒంటికన్నుతో డబ్బాలోకి వంగి చూశాడు. పెద్ద పెద్ద వంజరం ముక్కలు ఎర్రగా మెరుస్తున్నాయి. ఇసుకలో కూలబడ్డాడు. "సన్నేసి నన్ను సంపేత్తాది. దాని లీడరు బోయినం నాను సముద్రంలో పారేసేను."

"ఒక్క ముక్కే కదా పోనాది. మిగతాయి అట్టుకెళ్లి ఇచ్చీ."

ఆ అవసరం రాలేదు. ఇసుక దిబ్బ మీద సన్యాసమ్మ కనపడింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. చేతిలో రెండో డబ్బా ఉంది. మూత పూర్తిగా పెట్టలేదేమో, కాకులు ఆవిడ వెంటే వస్తున్నాయి.

"కింది అర ఎరదే కదా," అన్నాడు భానోజీ, ఆవిడ ఇంకా నోరు తెరవకముందే.

"పెరుగ్గిన్నె పెట్టినానండి. మూత తీసి సూడ్డానికి మీకు సేతుల్నేవా?"

"సట్టం నువ్వే సేసినావు. నువ్వే మార్సినావు."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆళ్లందరూ వొచ్చే యేళయిపోతన్నాది. మొదటిసారి నన్నొక మనిసిగా సూసి వొత్తన్నారు," అని, నేరుగా నా దగ్గరికి వచ్చింది. "సోమారం దాకా ఎందుకు, ఇప్పుడే ఇచ్చీసి వొత్తాను." రాడ్డును రెండు చేతులా పట్టుకుని పైపులోంచి పెరికింది.

అప్పుడు మోగాను నేను.

"గాలప్పా," అన్నాడు తాతాజీ.

"పీత," అన్నాడు భానోజీ, కన్ను తెరవకుండానే.

"నాను కదిపినాను, దానికే మోగినాది. దీని నోరు ముయ్యించండి," అంది సన్యాసమ్మ.

జన్మలో మొదటిసారి నిఖార్సైన నిజం చెబితే ముగ్గురూ కలిసి మూడు కారణాలు చూపించి నన్ను అబద్ధాలకోరుని చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉన్న బలమంతా పెట్టి మళ్లీ మోగాను. ఈసారి రాడ్డు విల్లులా వంగింది, రీలు గిర్రున తిరిగింది, సన్యాసమ్మ రెండడుగులు నీళ్లవైపు వెళ్లిపోయింది.

"ఏటిది, లాగేత్తన్నాది!"

భానోజీ రెండు కళ్లూ ఒకేసారి తెరుచుకున్నాయి. పరిగెత్తుకొచ్చి రాడ్డు మీద చెయ్యి వెయ్యబోయాడు. "ఇటివ్వు, ఇటివ్వే, అలగ కాదు."

"వొగ్గండి. నా సేతిలో ఉన్నాది."

రీలు తిప్పడం ఆవిడకు తెలియదు. తెలిసిన పని చేసింది. రాడ్డు కడుపుకు ఆనించుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ ఇసుక దిబ్బ ఎక్కేసింది. చేప లాగితే ఆగింది, వదిలితే నడిచింది. పక్కనుంచి మొగుడూ తమ్ముడూ చెప్పిన సలహాల్లో ఒక్కటీ వినలేదు. నా గొంతు బొంగురుపోయేదాకా మోగాను. చివరికి అలలోంచి వెండిరంగు ఒళ్లు పైకి తేలింది. తాతాజీ నడుంలోతు దిగి, వాటేసుకుని ఒడ్డుకు తెచ్చాడు.

పండుగప్ప. పెద్ద నోటి నిండా వంజరం ముక్క.

ఆ మధ్యాహ్నం భోజనం కాస్త ఆలస్యమైంది, కానీ పులుసు గిన్నె అడుగు కనపడిపోయింది. మిగిలిన వంజరం ముక్కలు కూడా వేయించి పెట్టారు. అక్కడక్కడ కొంచెం ఇసుక తగిలి ఉంటుంది, మర్యాదకు ఎవరూ అనలేదు. చేప ఎవరు పట్టారని ఒకావిడ అడిగింది. భానోజీ నోరు తెరిచాడు. "నానే," అంది సన్యాసమ్మ. ఆయన నోరు మూసుకుని అన్నం వడ్డించాడు. ఎర్రబడిన కంట్లోంచి నీళ్లు కారుతుంటే, పెళ్లాం లీడరైందని ఆనందంతో ఏడుస్తున్నాడనుకుని ఆడవాళ్లు మురిసిపోయారు. అందులో కొంత నిజం కూడా ఉందని నా నమ్మకం.

సోమవారం పాత ఇనుమువాడు వస్తే సన్యాసమ్మ అతనికి రెండు ఐస్‌క్రీం డబ్బాలు ఇచ్చి పంపేసింది.

ఇప్పుడు ఆదివారాలు మొగ దగ్గరికి వెళ్లేది సన్యాసమ్మే. భానోజీ ఇంట్లో ఉండి ఎర తయారుచేస్తాడు. కవళ్లకు ఉప్పూ కారం పట్టించి, అల్లం వెల్లుల్లి రోట్లో నూరి కలుపుతాడు. మిక్సీలో వేస్తే చేప ముట్టదని ఆవిడ సిద్ధాంతం. ఆ రోజునుంచి ఈ రోజుదాకా ఇంకొక పండుగప్ప పడలేదు. పీతలు మాత్రం ఆ మసాలాకు బాగా మరిగాయి. ఇంటికొచ్చి, "నీరు బాగోనేదండి," అంటుంది. లేకపోతే, "పెద్దదే పడ్డాది గానీ తెంపుకెలిపోనాది," అంటుంది. అది పీత. నాకు తెలుసు. కానీ నన్నెవరు అడుగుతారు?

మొన్న సోమవారం పాత ఇనుమువాడు మళ్లీ వీధిలో కేకేశాడు. రోటి దగ్గర భానోజీ చెయ్యి ఆగింది. తలెత్తి మూలన ఉన్న రాడ్డువైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. రెండేళ్లపాటు సన్యాసమ్మ కళ్లలో చూశాను. ఆయన లేచాడు. వీధి గుమ్మంవైపు చూశాడు. నావైపు నడిచాడు. నా నాలిక ఎండిపోయింది.

దగ్గరికొచ్చి, అల్లం అంటిన వేలితో నన్ను టింగుమనిపించాడు.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న సన్యాసమ్మ కుచ్చిళ్లు ఎగదోపుకుంటూ, చెంబు తన్నేసుకుంటూ, వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. "పడ్డాదా?"

వచ్చి గోడ చూసింది, ఫ్రిజ్ చూసింది, మొగుణ్ణి చూసింది. చేతిలో తడి జాకెట్టు పట్టుకుని నిలబడిపోయింది. రెండేళ్లపాటు ఆ మాట అంటూ ఆ వంటింట్లోకి పరిగెత్తినవాడు రోటి ముందు మళ్లీ చతికిలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

"పీతేలేవే," అన్నాడు.

వీధిలో పాత ఇనుమువాడు ఇంకాసేపు కేకేసి, పక్క వీధికి వెళ్లిపోయాడు.