ఎడమచేతి ఫిడేలు

గడియారాల షాపావిడ సినిమా హాలు కొంటానని వచ్చిన రోజు నుంచీ టార్చక్కకి ఆమె మీద గురి కుదరలేదు.

టార్చక్క హాలు యజమాని కూతురు. తండ్రి బతికున్న రోజుల్లో టార్చిలైటు పట్టుకుని జనానికి సీట్లు చూపించేది. టికెట్టు లేకుండా దూరినవాళ్ళని బయటికి పంపేదీ ఆమే. ఆ పేరు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు తండ్రి లేడు, జనమూ లేరు. హాలు అక్కాతమ్ముళ్ళ పేరున ఉంది. ఇద్దరూ సంతకం పెడితేనే అమ్మకం.

బేరానికి ఇద్దరొచ్చారు. లారీల కంపెనీ వాళ్ళు హాలు పడగొట్టి షెడ్డు వేస్తామని మొహమాటం లేకుండా చెప్పారు. రెండో బేరం ఈవిడది. హాలు ఉన్నది ఉన్నట్టే ఉంచుతానంది. పాతకాలం ప్రోగ్రాం వేస్తానంది: ముందు వార్తా చిత్రం, తర్వాత కార్టూను, ఆ పైన ఒక రీలు కామెడీ, ఇంటర్వెల్లు, అప్పుడు అసలు సినిమా. చిన్నప్పుడు బాల్కనీలో కూర్చుని అన్నీ చూశానంది.

"మన చెవిలో పువ్వులు పెడుతోందిరా," అంది అక్క. "స్టేషను పక్క హాలు కొన్నవాడు కూడా ఇలాగే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇప్పుడక్కడ కార్లు పెడుతున్నారు."

"దేవుడొచ్చినా టికెట్టు చించి గానీ లోపలికి పంపవు కదక్కా!"

"పంపను. అది నా డ్యూటీ."

మర్నాడు మధ్యాహ్నం షాపావిడని హాలుకి రమ్మన్నారు. మెట్ల మీద తివాచీ పోయింది, మేకులు మిగిలాయి. ఆవిడ తలుపు దాటగానే తలెత్తి పైకప్పు చూసింది. నటిస్తోందనుకుంది అక్క. కుడిపక్క నుంచి పలకరిస్తే ఆవిడ పలకలేదు. ఎడమ చెవి ఇటు తిప్పి, "ఏమన్నారు?" అంది.

"బాల్కనీలో ఏ వరసండీ మీది?"

ఆవిడ నీళ్ళు నమిలింది. "చిన్నప్పటి మాట. వరసలెక్కడ గుర్తుంటాయి?"

"ఫిడేలు మేష్టారి కామెడీ గుర్తుందా?"

ఆ రీలు తండ్రి సొంతానికి కొన్నది. వార్తా చిత్రం రాని వారాల్లో అదే వేసేవాడు.

"ఎందుకు గుర్తుండదూ! మేష్టారు ఎడమ చేత్తో కమాను లాగుతుంటాడు. తీగ తెగి ముక్కుకి తగులుతుంది. కుక్క కుడిపక్క నుంచి వచ్చి టోపీ ఎత్తుకుపోతుంది."

"వార్తా చిత్రం మొదట్లో గుర్రం?"

"కుడి నుంచి ఎడమకి పరిగెడుతుంది."

అక్క తమ్ముణ్ణి పక్కకి లాగింది. "ప్రతిదీ తెలుసు. ప్రతిదీ తప్పు. మేష్టారిది కుడిచెయ్యి. కుక్క ఎడమపక్క నుంచి వస్తుంది. గుర్రం పోయేది కుడికి. ఎవరో చెప్తే బట్టీ పట్టి వచ్చింది."

"ఎడమైతే ఏంటి, కుడైతే ఏంటి? ఆ ఫిడేలు నువ్వు వాయించాలా?"

"హాలు మీద ప్రేమంతా అబద్ధమైతే, కూల్చనన్న మాట నిజమెలా అవుతుందిరా? వెళ్ళి ఆ రీలు ఎక్కించు. అబద్ధమైతే లారీల వాళ్ళకే సంతకం పెడతాను. వాళ్ళు చెప్పి మరీ కూలుస్తున్నారు."

తమ్ముడు మిషన్ గదిలోకి వెళ్ళాడు. లైట్లు ఆరాయి. తెర మీద పేర్లు పడ్డాయి. మేష్టారు వచ్చి కుడి చేత్తో కమాను ఎత్తాడు.

షాపావిడ లేచి నిలబడింది. "రీలు తిరగేసి ఎక్కించారు!"

మిషన్ గది కిటికీలోంచి తమ్ముడు కేకేశాడు. "తిరగేస్తే పేర్లు కూడా తిరగబడాలిగా! సరిగ్గానే పడ్డాయి కదండీ?"

"పేర్లెప్పుడూ తిరగబడే ఉండేవి," అంది ఆవిడ. "నాకే చదవడం రాదనుకునేదాన్ని."

అక్క ఆమె మొహం చూసింది. తర్వాత లేచి స్టేజీ మెట్లెక్కి తెర వెనక్కి వెళ్ళింది.

తెర నిండా ఉన్న సన్నటి కన్నాల్లోంచి వెలుగు ఇటు పడి బొమ్మ తిరగబడి కనబడుతోంది. ఇటువైపు మేష్టారు ఎడమ చేత్తో వాయిస్తున్నాడు. కుక్క కుడిపక్క నుంచి వచ్చింది. స్పీకరు పెట్టె మోత చెవిలో పడి అక్క తల పక్కకి తిప్పుకుంది. పెట్టెకి ఎడమపక్క, గోడకి, నాన్న రోజుల్లో పరదా తాత లాగే తాడూ చక్రమూ ఉన్నాయి. రెంటికీ నడుమ ఒక మనిషి కూర్చునేంత చోటుంది. తెర చూస్తూ అక్కడ కూర్చుంటే స్పీకరు మోతంతా కుడి చెవిలోనే పడుతుంది.

"మీరు పరదా తాత కూతురా?" అంది తెర వెనక నుంచే.

అటువైపు నుంచి షాపావిడ గొంతు వినిపించింది. "అవునండీ."

"మరి బాల్కనీ అన్నారు?"

"పనివాళ్ళ పిల్లలు లోపల కనబడితే ఉద్యోగం ఊడుతుందని మీ నాన్నగారి మాట. మీ టార్చి అంటే మా నాన్నకి హడల్. హాలు కొనడానికి వచ్చి, తెర వెనక దాక్కుని దొంగతనంగా సినిమాలు చూశానని చెప్పనా?"

రీలు అయిపోయింది. అక్క కిందికి దిగింది.

"ఒరేయ్! లారీల వాళ్ళని రావద్దని చెప్పు."

"అంటే ఈవిడని నమ్మినట్టేనా?"

"హాలు కూల్చనని కాయితం మీద రాయమను. అప్పుడు ఆలోచిస్తా."

"రాస్తాను," అంది షాపావిడ.

"ఆ రీలు మళ్ళీ మొదట్నుంచి వెయ్యి," అంది అక్క తమ్ముడితో. సంచిలోంచి టార్చి తీసి బాల్కనీ మెట్ల మీద వెలుగు వేసింది. "రండి, సీటు చూపిస్తాను."

టికెట్టు మాత్రం అడగలేదు.